నాన్న పద్మిని, నా మల్టీమీటర్

మా నాన్న ప్రీమియర్ పద్మినికి ఇంజన్ ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. కార్బురేటర్ అలిగిన రోజులున్నాయి, బ్రేకులు పట్టేసిన రోజులున్నాయి. వాటికి మందుంది. ఇంట్లో ఆ బండి పరువు తీసేది మాత్రం బ్యాటరీయే. సెల్ఫ్ కొడితే టక్‌మని ఒక్క చప్పుడు, ఇక అంతే. నాలుగేళ్ళలో మూడు బ్యాటరీలు పోయాయి. పోయిన ప్రతిసారీ "ఇగ అమ్మేయరాదూ దాన్ని" అనే అమ్మ మాటకి ఇంట్లో ఒక ఓటు పెరుగుతూ వచ్చింది. మూడో బ్యాటరీ నాటికి మా అక్క కూడా అటువైపే వెళ్ళిపోయింది. మిగిలింది నాన్న, నేను.

ఇది మా ఇంటి గొడవే కాదనుకుంటాను. పాత బండ్లు తుక్కుకి వెళ్ళేది ఇంజన్ చచ్చిపోయి కాదు, చాలాసార్లు స్టార్ట్ అవ్వక విసుగు పుట్టి. ఆ విసుగు ఎక్కువగా బ్యాటరీ దగ్గరే మొదలవుతుంది.

బండి ఉండేది గండిపేటలో, మా పెదనాన్న తోటలోని రేకుల షెడ్డులో. నేనుండేది అపార్ట్‌మెంట్‌లో, మాకున్న ఒక్క పార్కింగ్‌లో రోజూ నడిపే కారు ఉంటుంది. గండిపేట అంటే మీలో చాలామందికి సీబీఐటీ, లేదంటే వీకెండ్ రీల్స్. అసలు కథ 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్‌ది. 1920లో పూర్తయింది. ఆ చెరువునీ, హిమాయత్‌సాగర్‌నీ కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. కట్టడాల మీద ఆంక్షలతో మొయినాబాద్ వైపు అపార్ట్‌మెంట్ల బదులు తోటలు, ఫామ్‌హౌస్‌లు పెరిగాయి. 2022లో ఆ జీవో ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు, అది వేరే కథ. నాకు కనపడిందేంటంటే, ఈ తోటల్లో చాలా షెడ్లలో టార్పాలిన్ కింద ఒక అంబాసిడరో, ఒక జీపో, ఒక ఫియట్టో నిద్రపోతుంటుంది. సిటీలో జాగా లేక ఇక్కడికొచ్చిన బండ్లు. నెలకోసారి యజమాని వస్తాడు, సెల్ఫ్ కొడతాడు, టక్.

మాది 1978 మోడల్. 2028లో 50 ఏళ్ళు నిండుతాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్పించకుండా అసలు రూపంలో ఉన్న బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబర్లో 'వీఏ' అన్న అక్షరాలుంటాయి, పదేళ్ళు చెల్లుతుంది. ఆ బండిని రోజువారీ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, మెయింటెనెన్స్‌కీ అయితే ఓకే. నాన్నకి ఆ వీఏ నంబర్ ప్లేటు చూడాలని ఉంది. ఆయన బయటికి చెప్పరు, కానీ ఆ నిబంధనల ప్రింటవుట్ బీరువాలో బండి కాగితాలతో పాటు దాచుకున్నారు. కాబట్టి నా లెక్క సింపుల్: 2028 దాకా ఆ బండి అడిగిన రోజున స్టార్ట్ అవ్వాలి.

ఊళ్ళో మెకానిక్ భాయ్ సలహా ఇది: "ఐతారం ఐతారం ఒక పది నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టున్రి సార్, బ్యాటరీకి ఏం గాదు." నాన్న దీన్ని నోములా పాటించారు. అందరూ చెప్పే మాటే ఇది. నేను మాత్రం ఒక ఆదివారం మల్టీమీటర్, నోట్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఉద్యోగం అలవాటు, లాగ్స్ చూడకుండా ఏదీ నమ్మబుద్ధి కాదు.

వారం రోజులు నిలబడిన కార్బురేటర్ బండికి బౌల్‌లో పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు ఇంజన్ తిరిగితేనే పనిచేసే రకం కాబట్టి, పెట్రోల్ పైకి వచ్చేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండాలి. ఆ రోజు ఐదుసార్లు, సారికి 8 సెకన్లు. అంటే 40 సెకన్లు. స్టార్టర్ మోటార్ సుమారు 120 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, ఖర్చు 1.3 ఆంపియర్ అవర్లు. మరి పది నిమిషాల్లో ఎంత తిరిగొచ్చింది? మా బండికి ఆల్టర్నేటర్ కాదు, డైనమో. ఐడిల్‌లో ఉన్నంతసేపూ డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, అంటే చార్జింగ్ సున్నా. కొంచెం యాక్సిలరేటర్ నొక్కి 4, 5 ఆంపియర్లు వచ్చాయనుకున్నా పది నిమిషాలకి 0.9 కూడా కాదు. ప్రతి ఆదివారం నాన్న బ్యాటరీకి అన్నం పెడుతున్నాననుకుంటూ దాని కంచంలోంచి తీసేస్తున్నారన్నమాట. పైగా ఇంజన్ సరిగా వేడెక్కకుండానే ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు చేరుతుంది, చోక్ లాగిన పెట్రోల్ కొంత ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది.

రెండో దొంగ ఇంకా నిశ్శబ్దం. 1978 బండిలో తాళం తీసేస్తే కరెంటు తాగేది నిజానికి ఏమీ ఉండదు. కానీ ఎప్పుడో పెట్టించిన మ్యూజిక్ సిస్టం ఒకటుంది. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మల్టీమీటర్ పెట్టి చూస్తే 30 మిల్లీ ఆంపియర్లు. రోజుకి 0.72, నెలకి 21 ఆంపియర్ అవర్ల పైచిలుకు. బ్యాటరీ మొత్తమే 35. పాటలు వినకపోయినా పాటల బిల్లు కడుతున్నాం!

మూడోది బ్యాటరీ స్వభావమే. ఏ తీగా తగిలించకుండా అటక మీద పెట్టినా అది తనలో తాను డిశ్చార్జ్ అవుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపు. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ పెద్దమనిషి చలికాలంలో బ్యాటరీ ఎలా కాపాడుకోవాలో చెబుతాడు. మనకి పరీక్షా కాలం చలికాలం కాదు, ఏప్రిల్, మే. రేకుల షెడ్డులో మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం.

ఇవన్నీ కలిసి చివరికి చేసేది ఒకటే. బ్యాటరీ డిశ్చార్జ్ అయినప్పుడు సీసం ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే చార్జ్ చేస్తే తిరిగి కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టి పలుకుల్లా మారి, ఇక చార్జింగ్‌కి లొంగదు. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో ఈ రకం బ్యాటరీ తయారుచేశాడు. అప్పటి నుంచీ దీని గుణం ఇదే. రోజూ తిరిగే క్యాబ్‌లో బ్యాటరీ అరిగి చస్తుంది, మన బండిలో ఆకలితో చస్తుంది. అందుకే "ఈసారి పెద్ద బ్యాటరీ వేయిద్దాం" అనేది నాకు నచ్చని సలహా. పెద్ద బ్యాటరీ అంటే ఆకలితో చావడానికి ఇంకొన్ని వారాలు ఎక్కువ, అంతే. పైగా డైనమో దాన్ని నింపలేక నానా తంటాలు పడుతుంది.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? బండికి మొదట ఇచ్చిన కొలతే చూడండి. ట్రేలో పట్టాలి, ప్లస్సు మైనస్సు సరైన వైపు ఉండాలి, లేకపోతే కేబుల్ అందదు. మీది ఇంకా పాతదైతే ముందు వోల్టేజీ చూసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు 6 వోల్టులది. మోరిస్ మైనర్ లాంటి పాత బ్రిటిష్ బండ్లలో బాడీకి కలిపేది నెగటివ్ కాదు, పాజిటివ్. తెలియక ఇవాళ్టి పద్ధతిలో బిగిస్తే పొగ చూడాల్సి వస్తుంది. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే కోల్డ్ క్రాంకింగ్ నంబర్‌కి మురిసిపోవద్దు. అది మైనస్ 18 డిగ్రీల చలిలో చేసే పరీక్ష. గండిపేటలో ఆ చలి రావాలంటే ప్రళయమే రావాలి.

రకం విషయానికొస్తే, మామూలు లెడ్ యాసిడ్ చాలు. లిథియం వద్దు, డైనమో కాలం నాటి రెగ్యులేటర్‌కీ దానికీ పొసగదు. 'మెయింటెనెన్స్ ఫ్రీ' అని అమ్మే కాల్షియం ప్లేట్ల బ్యాటరీ, మూతలు తీసి నీళ్ళు పోసే పాత రకం కంటే నెమ్మదిగా డిశ్చార్జ్ అవుతుంది. నిలబడే బండికి అది లాభం. కానీ పూర్తిగా ఖాళీ అయితే తేరుకోవడం దానికి కష్టం. నేను ఇదే తీసుకున్నాను, ఎందుకంటే ఖాళీ అవనివ్వకూడదన్నదే నా ప్లాన్. ఏ బ్రాండ్ అని అడక్కండి. గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా వాళ్ళ అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, బ్రాండ్ కంటే తయారైన నెల ముఖ్యం. షాపులో ఎంతకాలం నుంచి ఉందో ఆ తేదీ చెబుతుంది. నేను మీటర్ జేబులో పెట్టుకునే వెళ్ళాను. 12.5 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ఇంకోటి తీయమన్నాను. షాపాయన అదోలా చూశాడు, కానీ తీశాడు.

వారంటీ గురించి ఒక మాట. 18 ప్లస్ 18 అంటే మూడేళ్ళు ఫ్రీ అని కాదు. మొదటి 18 నెలల్లో పాడైతే ఉచితంగా మార్చిస్తారు, తర్వాత 18 నెలల్లో కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. వాడక ఖాళీ అయిన బ్యాటరీని తయారీ లోపం కింద లెక్కించరు. చార్జ్ పెట్టి తిరిగి ఇచ్చేస్తారు. పైన కనిపించే పచ్చ కన్నుని కూడా పూర్తిగా నమ్మొద్దు, అది ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

కొన్నాక చేయాల్సింది నిజానికి తక్కువ. మొదటిది, నెగటివ్ టెర్మినల్ దగ్గర తిప్పుడు స్విచ్. కట్-ఆఫ్ స్విచ్ అని అడిగితే పుత్లీబౌలిలో దొరుకుతుంది. పార్క్ చేశాక తిప్పేస్తే మ్యూజిక్ సిస్టం దొంగతనం బంద్. ఎలుకలు వైరు కొరికినా షార్ట్ అయ్యే భయం తగ్గుతుంది, తోటల్లో ఇది చిన్న విషయం కాదు. రెండోది, స్మార్ట్ చార్జర్. మామూలుది కొత్త బ్యాటరీ కంటే తక్కువకే వస్తుంది. 14.4 వోల్టుల దాకా నింపి, ఆ తర్వాత 13.5 దగ్గర ఊరికే పట్టుకుని ఉంటుంది. బ్యాటరీ షాపుల్లో ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ అలా కాదు. ఆపమని చెప్పేవాళ్ళు లేకపోతే లోపలి నీళ్ళు మరిగిపోయేదాకా నింపుతూనే ఉంటుంది. దాన్ని తెచ్చి రోజుల తరబడి వదిలేయకండి.

మన దగ్గర స్మార్ట్ చార్జర్ కొనేటప్పుడు రివ్యూల్లో ఎవరూ రాయని ప్రశ్న ఒకటుంది: కరెంటు పోయి వచ్చాక అది తనంతట తాను మళ్ళీ మొదలవుతుందా? కొన్ని మోడల్స్‌లో బటన్ నొక్కితే గానీ లేవవు. గాలివానకి గండిపేటలో కరెంటు పోయి, నువ్వు సిటీలో స్టాండప్ మీటింగ్‌లో ఉంటే ఆ బటన్ ఎవరు నొక్కుతారు? షెడ్డులో అసలు ప్లగ్గే లేకపోతే కంట్రోలర్ ఉన్న చిన్న సోలార్ ప్యానెల్ రేకుల మీద పెట్టొచ్చు. లేదా బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకోవడమే. పది కిలోలకి పైమాటే, లిఫ్ట్ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి.

నాన్న ఆదివారం నోము మాన్పించలేదు, మార్చాను. ఇప్పుడు ఆయన బండి స్టార్ట్ చేయరు, మీటర్ పెట్టి అంకె చదువుతారు. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12.4కి దిగితే చార్జర్ తగిలించాలి, 12కి వస్తే ఆ రోజే. చార్జర్ తీసిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది, కొన్ని గంటలాగి చూడాలి. మొదటి వారం "ఈ అంకెలన్నీ ఎందుకురా, లైట్ వేసి చూస్తే తెల్వదా" అన్నారు. రెండో నెలకి నా కంటే ముందే మీటర్ ఫోటో వాట్సాప్‌లో వచ్చేది, కింద "12.66, బాగుంది" అని.

స్టార్ట్ చేసేది నెలకి రెండుసార్లు, చేసిన రోజున నలభై నిమిషాలకి తగ్గకుండా తిప్పుతాం. పొద్దున్నే, హెడ్‌లైట్లు అవసరం లేని వేళ. మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా పాత మర్రిచెట్లు. స్టీరింగ్ పక్క గేరుతో నాన్న నాలుగో గేరు వేసినప్పుడు ఎర్ర దీపం ఆరిపోయి ఉంటుంది, డైనమో తన పని తాను చేసుకుంటుంటుంది. వచ్చేటప్పుడు చిలుకూరు బాలాజీ గుడి దగ్గర టీ. వీసా స్టాంపింగ్ కోసం ప్రదక్షిణలు చేసే నా వయసు వాళ్ళు పద్మినితో సెల్ఫీ దిగుతారు. నాన్న బానెట్ ఎత్తి కూడా చూపిస్తారు, అడక్కపోయినా.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, షెడ్డు తలుపు తీసి పెట్టండి, దగ్గర్లో సిగరెట్ వద్దు. ముందు క్లిప్పులు, తర్వాత ప్లగ్గు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. మీ పానా పొరపాటున బాడీకి తగిలినా మెరుపులు రావు. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని తినే సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక వాజిలిన్ రాయండి. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఇంట్లో ఆర్వో నీళ్ళు అది కాదు, వాటిలోనూ లవణాలుంటాయి.

మూడు పాత బ్యాటరీలు షెడ్డు మూలన అలాగే పడి ఉన్నాయి. వీధిలో తిరిగే తుక్కు బండికి ఇచ్చేద్దామని పెదనాన్న అన్నారు. పగలగొట్టి యాసిడ్ మోరీలో పోసి సీసం కరిగించే చోటికి అవి వెళ్ళే అవకాశం ఎక్కువ, పైగా మన షెడ్డు పక్కనే సిటీ తాగిన చెరువు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత కంపెనీలదే. కొత్తది కొన్న షాపులోనే మూడూ దింపాను. పాత బ్యాటరీకి బిల్లులో తగ్గింపు ఉంటుంది, అడగనిదే కొందరు చెప్పరు. ఆంపియర్ అవర్‌కి ఇంత అని లెక్కగట్టి బిల్లు మీద విడిగా రాయించుకోండి.