సముద్రముపై మాటల సమ్మర్దము

తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోటుల వేటకు నిషేధము గలదు. ఆ గడువు తీరిన మరునాడే జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నముల యెదుట పడవలన్నియు ఒక్కమారుగా కడలిలోనికి దిగును. వానికి తోడు కృష్ణపట్నపు రేవునకు వచ్చిపోవు ఓడలు, పొరుగు రేవుల నుండి వచ్చు ట్రాలర్లు. నీటిపై నెంత సమ్మర్దమో గాలిలో మాటలకును అంత సమ్మర్దమే. ఎదుట నున్న పడవను చుక్కాని త్రిప్పి తప్పించుకొనవచ్చును. చెవి కడ్డుపడు మాటను తప్పించుకొనుట యెట్లు? ఈ ప్రశ్న స్వల్పముగా దోచవచ్చును గాని, దీనిపై మనుష్యుల ప్రాణము లాధారపడి యున్నవి.

పడవలపై నుండు వి.హెచ్.ఎఫ్. రేడియోలో చానళ్లు పెక్కు గలవు. వానిలో 16వ చానలు, అనగా 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచ మంతటను ఆపదకేకకును తొలిపిలుపునకును కేటాయింపబడినది. పిలిచినవాడు జవాబు రాగానే వేరొక చానలునకు మారి తన మాట తాను చెప్పుకొనవలెను. 16వ చానలు తలవాకిలి వంటిది. అచట కూర్చుండి ముచ్చటలాడిన లోనికి వచ్చువారికి త్రోవ యుండదు.

న్యాయస్థానమున ఇరుపక్షముల వకీళ్లు ఒక్కసారి మాటలాడినచో న్యాయాధిపతి ఇరువురిని ఆపి, ఒకరి తరువాత నొకరిని వినును. సముద్రముపై అట్టి న్యాయాధిపతి లేడు. పైగా ఈ యంత్రపు స్వభావ మింకను కఠినమైనది. రెండు ధ్వనులొకేసారి వచ్చినపుడు ఇది బలమైనదానిని పట్టుకొని బలహీనమైనదానిని మ్రింగివేయును. దగ్గర నుండి 25 వాట్ల రేడియోతో రేవు ధరలు చెప్పుకొను బోటు మాట స్పష్టముగా వినబడును. దూరమున 5 వాట్ల చేతిరేడియో పట్టుకొని మునిగిపోవుచున్నవాని కేక ఆ మాటల క్రింద అణగిపోవును.

ఇది క్రొత్తగా పుట్టిన చిక్కు గాదు. 1912 ఏప్రిల్ 14వ తేది రాత్రి టైటానిక్ ఓడలోని తంతి ఉద్యోగి ప్రయాణికుల సొంత వార్తలను కేప్ రేస్ కేంద్రమునకు పంపుటలో మునిగి యుండెను. సమీపమున మంచులో నిలిచిపోయిన కాలిఫోర్నియన్ ఓడ నుండి హెచ్చరిక రాగా, తన పని చెడుచున్నదని విసుగుకొని నోరు మూసికొమ్మనెను. ఆ రెండవ ఓడ ఉద్యోగి కొంతసేపు వేచి యుండి, యంత్రము నాపి పరుండెను. పిదప కొద్ది నిమిషములకే టైటానిక్ మంచుకొండను ఢీకొనెను. పదునైదువందల మందికి పైగా మృతిచెందిరి. లోపించినది యంత్రము గాదు. ఏ మాట ముందు, ఏ మాట వెనుక అను క్రమము. ఓడలపై అహోరాత్రము రేడియో వినువా రుండవలెనను నియమము ఆ దుఃఖము నుండియే 1914 నాటి అంతర్జాతీయ ఒడంబడికలోనికి వచ్చినది.

అమెరికా తీరములలో ఈ సమ్మర్దము విహారనౌకల వలన కలిగినది. సెలవుదినములలో సరదాకు బయలుదేరువారి పిలుపులతో 16వ చానలు క్రిక్కిరిసిపోగా, 1992లో అచటి ప్రభుత్వ సంస్థ వారి పిలుపులకు 9వ చానలును ప్రత్యేకించెను. వారిని నిందించి యూరకుండలేదు. వేరొక త్రోవ చూపినది.

మన తీరమున మాటలాడువారు విహారమునకు పోవువారు గారు, పొట్టకూటికి పోవువారు. చేప యెచట పడినది, వల యెచట చిక్కినది, డీజిలు చాలునా, రేవున ధర యెంత, ఇవన్నియు వారు మాటలాడుకొనదగిన మాటలే. కాని ఆ మాటలకు ఏ చానలు తగునో వారికి వారి భాషలో నేర్పవలసిన భారము ఎవరిది? నేర్పకయే తప్పు మోపుట న్యాయము గాదు.

సెల్లుఫోనుండగా ఈ రేడియో యేల యని కొందరు అడుగవచ్చును. తీరము దాటి కొంత దూరము పోయిన ఫోను పలుకదు. పలికినను ఒక్కనికే వినబడును. రేడియో కేక చుట్టునున్న పడవలన్నిటికి వినబడును. మునుగువానిని ముందుగా చేరగలవాడు ప్రక్కపడవవాడే. ఉపగ్రహము ద్వారా పనిచేయు లక్ష ట్రాన్స్‌పాండర్లను పడవలకిచ్చు పథకమును కేంద్రప్రభుత్వము 2024 ఆగస్టు 30న ప్రారంభించినది. అది మెచ్చదగిన కార్యమే. అయినను ఆ వార్త ఆకాశమునకు పోయి తీరమున కేంద్రమును చేరును. ప్రక్కపడవవాని చెవి సోకదు. ఒకటి వచ్చినదని రెండవదానిని విడనాడరాదు.

ఇప్పుడు చేయవలసిన దేమి? మత్స్యశాఖయు తీరరక్షక దళమును కూడి, ఏ రేవు పడవలు ఏ చానలులో మాటలాడుకొనవలెనో నిర్ణయించి, తెలుగున అచ్చొత్తించి ప్రతి రేడియో ప్రక్కను అంటింపవలెను. నిషేధపు 61 దినములు పడవలు ఒడ్డుననే యుండును. శిక్షణ కంతకంటె మంచి కాలము లేదు. 'మేడే' యని ముమ్మారు పలికి, పడవపేరు, ఉన్నచోటు, వచ్చిన ఆపద, పడవలోని జనసంఖ్య చెప్పుట ఒక పూటలో నేర్వవచ్చును. 'మేడే' యను మాట ఫ్రెంచివారి 'నాకు తోడ్పడుడు' అను మాట నుండి పుట్టినది. ఇంగ్లీషు రానివానికిది రాదనుట పొరపాటు. అయితే ఆ మాట వెనుక వచ్చునది తెలుగే గనుక, తీరమున వినువారిలో తెలుగెరిగినవారు రేయింబవళ్లు ఉండి తీరవలెను. రెండు పడవల యాంటెనాలు నాలుగేసి మీటర్ల ఎత్తున నున్నచో మాట సుమారు 16 కిలోమీటర్లు పోవును. ఒడ్డున నూరు మీటర్ల స్తంభమున్నచో అదే పడవ మాట సుమారు 50 కిలోమీటర్ల నుండి వినవచ్చును. కావున ఎత్తైన స్తంభములకు వ్యయించు ధనము వృథా గాదు.

తక్కిన భారము గ్రామములది. పులికాటు సరస్సులో 'పాడు' అను పద్ధతి గలదు. మంచి వేటచోటులను బలవంతులు కాజేయకుండ, వంతుల చొప్పున పంచుకొనుట దాని ధర్మము. నీటిని వంతు వేసికొనగలిగిన తీరవాసులకు గాలిని వంతు వేసికొనుట కష్టమా? 16వ చానలులో ముచ్చట కూడదని కులపెద్దలు కట్టుబాటు చేసినచో, అది పోలీసు జుల్మానాకంటె గట్టిగా నిలుచును.

1989 నవంబరులో కావలి చేరువ తీరము దాటిన తుపానును ఎరిగినవారు మన జిల్లాలో ఇంకను పెక్కురు గలరు. గాలివాన వచ్చిన దినమున మౌనమును నేర్చుకొనుట సాధ్యము గాదు. గాలి నెమ్మదిగా నున్న దినములలోనే దాని నభ్యసింపవలెను. ఎదుటివాని కేకకు చోటు విడుచుట సముద్రధర్మము. ఆ ధర్మమును నేర్పుట ప్రభుత్వపు విధి. నిలుపుట మన విధి.