జనవరి 1న పుట్టిన అవ్వకో నిమ్మకాయ కేకు

మా అవ్వ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. మా వీధిలో ఆమె ఈడు వాళ్లు చాలామందిది అదే తేదీ! పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లకు ఏదో ఒక ఏడు వేసి, ముందు ఒకటో నెల ఒకటో తారీఖు పెట్టేశారు. అసలు ఎప్పుడు పుట్టావవ్వా అంటే, "వానలు బాగా పడిన ఏడు పుట్టినా" అంటుంది. అనంతపురం వైపు అలాంటి ఏడు గుర్తుపెట్టుకోవడం సులువే లెండి.

మాది చెన్నేకొత్తపల్లి. అందరూ సి.కె.పల్లి అంటారు. నేను బెంగళూరులో కోడ్ రాసుకుంటూ, శుక్రవారం రాత్రి హైవే ఎక్కి ఇంటికొచ్చే రకం. ప్రతి కొత్త సంవత్సరానికీ మా ఇంట్లో బేకరీ కేకే. అవ్వ వేలికి కాస్త క్రీమ్ అంటించుకుని, మిగిలింది పిల్లల నోట్లో పెట్టేస్తుంది. మొన్నటిదాకా దాన్ని త్యాగం అనుకున్నా. కాదు. ఆమెకు రుచి తెలియడం లేదు.

ఏడాదిలో అవ్వ ఆరు కిలోలు తగ్గింది. రాగి సంగటి రెండు ముద్దలు తినే మనిషి, అర ముద్దకే చేయి కడిగేస్తోంది. పరీక్షలన్నీ చేశారు. "పెద్ద జబ్బేమీ లేదు. వయసుతో రుచి, వాసన తగ్గుతాయి. ఏది ఇష్టంగా తింటుందో అది పెట్టండి" అన్నారు డాక్టర్. ఆమె ఇష్టంగా చప్పరించేది ఒక్కటే, నిమ్మకాయ ఊరగాయ. సరే, పులుపు తెలుస్తోంది కదా, పుట్టినరోజుకు నిమ్మకాయ కేకు నేనే చేస్తా అన్నా. మూడు పొరలది. "నాకేంటికిరా కేకు?" అంది అవ్వ.

2026 జనవరి 1 గురువారం. గురువారం అవ్వ గుడ్డు ముట్టదు. కాబట్టి పెరుగుతో కేకు. మా ఇంట్లో ఓవెన్ లేదు. కాబట్టి కుక్కర్.

డిసెంబర్‌లో మొదటి ట్రయల్. పులుపు బాగా తెలియాలని పావు కప్పు నిమ్మరసం పిండిలోనే పోశా. బుస్సుమని పొంగింది. ఆహా అనుకుని, అప్పుడు తీరిగ్గా కుక్కర్ వేడి చేయడం మొదలుపెట్టా. పులుపు తగలగానే సోడా గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది. పది నిమిషాలు ఆగితే లోపల పొంగడానికి ఏమీ మిగలదు. ఇటుక తయారైంది. పైగా గానుగ శెనక్కాయ నూనె వాడా. నిమ్మ వాసన పోయి ఉగ్గాని వాసన వచ్చింది. "శెనక్కాయల జిల్లాలో పుట్టి వేరే నూనె కొంటావా?" అని నాయన అలిగినా, తర్వాతిసారి సన్‌ఫ్లవరే తెచ్చా.

రెండో ట్రయల్‌కు చేదు. వీడియోలో విదేశీ అమ్మాయి పెద్ద పసుపు నిమ్మకాయ తీసుకుని తొక్కను గరగరా తురిమేసింది. నేనూ అలాగే తురిమా. కానీ మన కాయ వేరు. అది లెమన్, మనది లైమ్. మన కాగ్జీ నిమ్మకు పేరులోనే కాగితం ఉంది, తొక్క అంత పలచన. రెండోసారి తురిమితే కింది తెల్ల పొర వచ్చేస్తుంది, చేదంతా అందులోనే. "కాయను తిప్పుతా గీకాల, ఒక్క తావే గీకితే ఎట్లా" అంది అవ్వ, మంచం మీద నుంచే. వంటింటి సంగతి ఆమె మాట్లాడి చాలా రోజులైంది.

మూడోసారికి కుదిరిన లెక్క ఇది. మూడు నిమ్మకాయల పచ్చ తురుమును ముప్పావు కప్పు చక్కెరలో వేళ్లతో నలపండి, తొక్కలోని నూనె చక్కెరకు పడుతుంది. అందులో కప్పు పెరుగు కలిపి, చక్కెర కరిగాక టీస్పూనుంపావు బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ సోడా వేయండి. అయిదు నిమిషాల్లో నురగ వస్తుంది. అర కప్పు నూనె, జల్లించిన కప్పున్నర మైదా వేసి నెమ్మదిగా కలపండి. ఉప్పు పరిచిన పెద్ద కుక్కర్‌ను గాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాల ముందే వేడి చేసి ఉంచాలి. స్టాండు పెట్టి, దాని మీద కేకు గిన్నె. సన్న సెగ మీద ముప్పావు గంట. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

పులుపు అంతా పొరల మధ్యలోకి. స్టీలు గిన్నెలో ముప్పావు కప్పు నీళ్లు, అర కప్పు చక్కెర, మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, రంగుకు రవ్వంత పసుపు వేసి చిక్కబడే దాకా ఉడికించి దించండి. అప్పుడు పావు కప్పు నిమ్మరసం, చెంచా వెన్న. రసం ముందే పోసి మరిగిస్తే పులుపుకు కార్న్‌ఫ్లోర్ పట్టు వదిలేస్తుంది.

కేకు 31 రాత్రే చేసి చల్లారనిచ్చా. పొద్దున్నే కోద్దామంటే చాకు వంకరగా పోతోంది. అవ్వ పూలు కట్టే దారం తీసింది. కేకు చుట్టూ తిప్పి, రెండు కొసలు పట్టి లాగింది. తిన్నగా తెగింది. మళ్లీ ఒకసారి. మూడు పొరలు! ఒక్కో పొర మీద కాస్త నిమ్మ షర్బత్ చల్లి, మధ్యలో ఆ చిక్కటి నిమ్మ ముద్ద పూసి పేర్చాం. పైన క్రీమ్ లేదు, చక్కెర పొడి అంతే. కొంచెం ఒక పక్కకు ఒరిగింది కూడా.

కొవ్వొత్తి వద్దంది. చిన్న ముక్క పెట్టా. నోట్లో ఉంచుకుని కాసేపు మాట్లాడలేదు. నాయన, అమ్మ, నేను ఆమె మొహమే చూస్తున్నాం. "పులుపు తగుల్తాంది రా" అంది. తర్వాత ప్లేటు నా వైపు జరిపి, "ఇంగ రోంత పెట్టు" అంది.

ఏడాదిగా మా ఇంట్లో వినపడని మాట అది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒక్క కేకుతో ఆరు కిలోలు తిరిగి రావు, నాకూ తెలుసు. కానీ ఆ రోజు నుంచి అమ్మ ఆమె పప్పులో, మజ్జిగలో నిమ్మకాయ పిండుతోంది. సంగటి అర ముద్ద నుంచి ఒకటికి వచ్చింది. మీ ఇంట్లోనూ జనవరి 1న 'పుట్టినవాళ్లు' ఎవరో ఉండే ఉంటారు. "తిన్నావా?" అని రోజూ అడుగుతూనే ఉంటాం కదా. ఈసారి ఫోన్ చేసినప్పుడు "రుచి తెలుస్తోందా?" అని కూడా అడగండి.