గోదారి పాటకు ఓ గంట

1925 నవంబరు 28న అమెరికాలోని నాష్‌విల్ రేడియోలో 77 ఏళ్ల ముసలాయన ఒకరు ఫిడేలు మీద పల్లె వరసలు వాయించారు. గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే పల్లెపాటల రేడియో కార్యక్రమం ఆ రాత్రే పుట్టిందంటారు. అంతకు ముందే, 1924 ఏప్రిల్‌లో, షికాగో రేడియో ఇలాంటి పల్లెపాటల కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. రైతులు ధాన్యపు కొట్టాల్లో కూడి ఆడిపాడుకునే వేడుకే దానికి మూలం. పాడేవారిని కళ్లారా చూడాలని జనం ఎగబడటంతో 1932లో దాన్ని ఒక నాటకశాలకు మార్చి టిక్కెట్లు పెట్టారు. షికాగో కార్యక్రమం తర్వాత ఆగిపోయింది. ఓప్రీ నూరేళ్లు నిండినా జనం ఎదుట, ప్రత్యక్ష ప్రసారంగా ఇంకా సాగుతోంది.

మన గోదావరి డెల్టా పాటకూ రేడియో తలుపు తెరిచింది. 1938లో మద్రాసు ఆకాశవాణి వచ్చింది. కాకినాడ ఆడపడుచులు వింజమూరి సీత, అనసూయ మన జానపదాలను అటు సభావేదికల మీదికి, ఇటు మద్రాసు రేడియోలోకి తీసుకెళ్లారు. శాస్త్రీయ కచేరీకి ఉన్న గౌరవం పల్లెపాటకు లేని కాలమది. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి గీతాలు పాడిన గొంతులతోనే వాళ్లు పల్లె పదాలూ పాడి, రెంటికీ ఒకే పీట వేశారు. అది చిన్న సాహసం కాదు. రాజమండ్రి ప్రాంతంలో నేదునూరి గంగాధరం గారు ఊళ్లు తిరిగి పాటలు సేకరించి అచ్చు వేయించారు. 1948 డిసెంబరు 1న బెజవాడ కేంద్రం మొదలయ్యాక జానపదగీతాలు మన ఇళ్లలో రోజువారీ వినికిడి అయ్యాయి.

అయితే ఊడ్పుల పాట స్వభావం వేరు. ఒకామె ఎత్తుకుంటే పక్కవాళ్లంతా అందుకోవాలి. మడి ఎంతుంటే పాట అంత సాగుతుంది. ఎదుటివాళ్ల నవ్వును బట్టి అప్పటికప్పుడు కొత్త చరణం పుడుతుంది. కానీ పాత గ్రామఫోను పలకకు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలే. స్టూడియోలో వాద్యాలు ఉంటాయి గానీ అందుకునే వాళ్లు ఉండరు. పాట మనకు దక్కింది, దాని చుట్టూ ఉన్న జనం మాత్రం బయటే ఉండిపోయారు. ఇప్పుడు వెదజల్లే సాగు, నాట్ల యంత్రం, కోత యంత్రం వచ్చాక చేలోనూ ఆ గుంపు పలచబడింది. నడుములు విరిగే ఆ చాకిరీ తగ్గడం మంచిదే. కానీ పాటకు ఇంకో చోటు చూపించాలి కదా!

ఆ చోటు రాజమండ్రిలో ఉంది. ఓప్రీలాగే జనం ఎదుట, వారానికి ఒక్క సాయంత్రం ఆనం కళాకేంద్రంలో గంటసేపు పల్లెపాటకు మైకు పెట్టి, ఆకాశవాణి దాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేయాలి. కోనసీమ నుంచి, కొల్లేటి గట్టు నుంచి, మెట్ట ఊళ్ల నుంచి పాడేవాళ్లను పిలిచి, దారిఖర్చూ పారితోషికమూ ఇవ్వాలి. పాడిన ప్రతి పాటనూ ఊరిపేరుతో, గాయని పేరుతో భద్రపరచాలి. ఆ పాటలు వచ్చిన అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే ఈ పని మొదలుపెట్టమని ఆకాశవాణినీ, సాంస్కృతిక శాఖనూ కోరుతున్నాం.