సబ్ర్ చెయ్యమనే ముందు కాస్త వినండి

మన ఇళ్లలో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాం. అదే మనసు కుంగిపోతే మాత్రం ఉపదేశాలు మొదలవుతాయి. 'సబ్ర్ చెయ్యి, నమాజు చదువు, అంతా సర్దుకుంటుంది' అంటాం. ఈమాన్ బలహీనపడింది కాబట్టే ఈ దిగులు అని తేల్చేసేవారూ ఉన్నారు. భర్త కువైట్‌లో ఉండగా, అత్తవారింట్లో నెలల తరబడి నిద్రలేక గడిపే కోడలు ఆ మాట విన్నాక ఇంకెవరి దగ్గరా నోరు విప్పదు. అప్పుడు 'సాయా పట్టింది' అంటూ ఆమిల్ దగ్గరకు తీసుకెళ్తారు.

ఈ ధోరణి తప్పని మా అభిప్రాయం. ధర్మం దృష్ట్యా చూసినా తప్పే.

హజ్రత్ యాఖూబ్ (అ) ఉదంతం అందరికీ తెలిసిందే. కుమారుడు యూసుఫ్ (అ) దూరమైన దుఃఖంతో ఆయన చూపు పోయిందని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. చక్కని సహనానికి మనం ఉదాహరణగా చెప్పుకునేదీ ఆయననే. మరి కన్నీటికీ సహనానికీ వైరం ఎక్కడుంది? పసిబిడ్డ ఇబ్రాహీమ్ మరణించినప్పుడు దైవప్రవక్త (స) కూడా కన్నీరు పెట్టారు.

హజ్రత్ మర్యమ్ (అ) గాథ ఇంకా గమనించదగ్గది. ప్రసవ వేదనతో ఒంటరిగా ఖర్జూర చెట్టు మొదట్లో కూలబడిన ఆమె, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయారు. అంతటి పుణ్యవతి నోట ఇలాంటి మాటా అని ఆమెను గద్దించడం జరగలేదు. ముందుగా ఓదార్పు వచ్చింది. దాహానికి సెలయేరు, ఆకలికి పండ్లు లభించాయి. జనం వేసే ప్రశ్నలకు ఆ రోజు జవాబు చెప్పనక్కర్లేదన్న వెసులుబాటూ దొరికింది. మనసునూ దేహాన్నీ చుట్టూ ఉన్న లోకాన్నీ కలిపి పట్టించుకున్న ఓదార్పు అది.

మంచి కౌన్సెలరు చేసేదీ దాదాపు ఇదే. తీర్పు చెప్పకుండా వింటారు. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, అప్పులున్నాయా, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, కాన్పయి ఎన్నాళ్లయింది అని ఆరా తీస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లకు భయం గాని, నిజానికి ఆ బరువు మోస్తున్నవారికి అది ఊరట. చెప్పుకున్న మాటలు కౌన్సెలరు దగ్గర అమానత్. అయితే అన్నిటికీ మాటలే చాలవు. మందు అవసరమైనవారిని మానసిక వైద్యుని దగ్గరకు పంపాల్సిందే. (జీవితాలు మార్చేస్తామంటూ వేలకు వేలు ఫీజు గుంజేవారూ బయలుదేరారు. ఏం చదివారని వారిని అడగడంలో తప్పులేదు.)

ఇదంతా పాశ్చాత్యుల ఫ్యాషన్ అనేవారికి ఒక మాట. క్రీ.శ. 934లో మరణించిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒకే వైద్యగ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, ఏ కారణమూ తోచని దిగులు వేరు అని అందులో విడదీసి చెప్పారు. నలిగిన మనసుకు సొంత ఆలోచనతో పాటు ఇతరుల మాటసాయం కూడా కావాలన్నారు.

తావీజు కట్టించుకున్నవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. దుఆతో ఊరట పొందేవారు ఎందరో. కాని దుఆ పేరుతో మందు మాన్పించడం, మనిషిని కట్టేయడం ఘోరం. తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. గొలుసులతో బంధించి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 'టెలీ మానస్' ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. మస్జిద్ కమిటీలు నమాజు వేళల బోర్డు కింద ఈ నంబరు రాయించాలి. ఆ బోర్డు స్త్రీల కంటపడదు కాబట్టి, ఆడపిల్లలకు ఖుర్ఆన్ నేర్పే ఆపాల ద్వారా ఇంటింటికీ చేర్చాలి. ఫోను చేసుకునే స్త్రీకి ఇంట్లో ఓ అరగంట ఏకాంతం ఇవ్వాలి, తర్వాత ఏం చెప్పావని ఆరా తీయకూడదు. జుమా ప్రసంగంలో ఇమాం సాహెబ్ ఒక్కసారి ఈ విషయం ఎత్తితే, 'ఇమాం సాబే చెప్పారు' అనే ధైర్యం ఆ ఇళ్లకు వస్తుంది.