మా బుజ్జిదానికి నీళ్లంటే "ఈయి"

మా మనవరాలికి రెండేళ్ల మూడు నెలలు. కూతురు ఉద్యోగానికి పోతుంది కాబట్టి అనంతపురంలో మా దగ్గరే పెరుగుతోంది. దాని భాషలో నీళ్లు "ఈయి", శెనక్కాయ "కాకాయ", వాన "ఆన". ఖాళీ బిందె కనబడితే చాలు, రెండు చేతులూ తిప్పి "ఈయి ల్యా" అంటుంది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే జిల్లాలో పుట్టింది మరి! మంచం కింద దాక్కున్నప్పుడు "యాడుండావే?" అని అడిగితే, అక్కణ్ణుంచే "పాప ల్యా" అని జవాబు.

జూన్‌లో ప్లేస్కూల్లో వేశాం. నెల తిరక్కుండానే పిలిపించి, "పాపకు యాస వస్తోంది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. రెండేళ్ల పిల్లకు యాసేమిటమ్మా? అది పలికేది వాళ్ల అవ్వ మాట, జేజి మాట.

అయినా భయపడ్డాం. "ఈయి" అంటే "నో, వాటర్ చెప్పు" అన్నాం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. బీఏ తెలుగు చదివినదాన్ని, చుట్టాల ముందు "కౌ ఏదీ, చూపించు" అని ఆడించాను. పది రోజులకు పిల్ల మాట తగ్గించేసింది. దాహమైతే బిందెకేసి వేలు చూపించి ఊరుకునేది. మంచం కింద నుంచి జవాబు రావడం మానేసింది. ఆ రోజు నాకు కోపమొచ్చింది, ముందు నామీద నాకే.

అమ్మ, మామ, పాప, బువ్వ. ఒకసారి పలికి చూడండి, అన్నిటికీ పెదవులు కలపాల్సిందే. పసినోటికి తొందరగా పట్టుబడే శబ్దాలవి. ప్రపంచంలో ఇన్ని భాషల్లో మామా, పాపా అనే మాటలెందుకున్నాయో రోమన్ యాకోబ్సన్ అనే భాషావేత్త వ్యాసం రాస్తే 1960లో అచ్చయింది. మన అవ్వలు ఏ వ్యాసమూ చదవకుండానే పిల్లల నోటికి తగ్గట్టు బువ్వ, లాల, బజ్జో, బూచి అని ఒక చిన్న నిఘంటువే తయారుచేసి పెట్టారు. దాన్ని మనం "తప్పు" అని కొట్టేస్తున్నాం.

"ఇంగ్లీషు రాకపోతే రేపు ఉద్యోగమెట్లా?" అంటారు. నేర్పండి, ఎవరొద్దన్నారు? రెండో భాష నేర్పడం తప్పు కాదు, ఉన్న భాషకు సిగ్గుపడమని నేర్పడం తప్పు. సాధ్యమైన చోటల్లా కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలోనో, మాతృభాషలోనో, స్థానిక భాషలోనో చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానమే అంటుంటే, పాల పళ్లు పూర్తిగా రాని పిల్లకు ఇంగ్లీషే మాట్లాడాలని ఆంక్షా?

ఇంకో మాట. సినిమాలో విలన్ నోట విని విని, "యాడ", "ల్యా" అంటే మనకే చిన్నతనమైపోయింది. మా అత్తకు ఎనభై ఏళ్లు. ఈ ఇంట్లో రోజంతా దానితో కూర్చుని మాట్లాడే మనిషి ఆమే. ఆమె మాట పిల్లకు రాకపోతే నష్టం ఎవరికి? ఇద్దరికీ.

అక్కల్లారా, చెల్లెళ్లారా, మీ బిడ్డ ముద్దుమాటను దిద్దకండి. దానికి జవాబివ్వండి, చాలు. సరైన మాట మీ నోట వింటూ అదే నేర్చుకుంటుంది.

మేము దిద్దడం మానేశాం. స్కూలుకూ ఆ మాటే చెప్పాం. మూడు వారాలు పట్టింది. మొన్న ఆదివారం నాలుగు చినుకులు రాలాయి. పిల్ల వాకిట్లోకి ఉరికి "జేజీ, ఆన!" అని కేకేసింది. మా అత్త కర్ర పట్టుకుని బయటికొచ్చేలోపే చినుకులు ఆగిపోయాయి.

పిల్ల ఆకాశంలోకి చూసి, రెండు చేతులూ తిప్పి, "ఆన ల్యా" అంది.