మునివేళ్లపై నాట్యం

నర్తకి ఎంత తేలికగా కనిపిస్తే ఆమె కళ అంత గొప్పదని బ్యాలే ప్రేక్షకుల భావన. గాలిలోకి లేచిన దేహం దూదిపింజలా నేలకు దిగాలి. బరువు, శ్రమ, ఆయాసం అనేవి ఆ దేహానికి ఉన్నట్లే తెలియకూడదు. ఐరోపా రాజాస్థానాలలో పుట్టి, ఫ్రాన్సు రాజు పధ్నాలుగవ లూయీ 1661లో స్థాపించిన నాట్య అకాడమీ ద్వారా కట్టుదిట్టమైన నియమాలను సంతరించుకున్న ఈ నాట్యరీతి శతాబ్దాలుగా సాధిస్తున్న మాయ ఇదే. 1832లో పారిస్‌లో 'లా సిల్ఫీడ్' ప్రదర్శనలో మారీ తాల్యోనీ మునివేళ్లపై నిలిచి నర్తించిన తరువాత ఆ మాయ పరాకాష్ఠకు చేరింది. దానికి సుంకం చెల్లించేవి మాత్రం కళాకారుల ఎముకలు, కీళ్లు. ఆ సుంకంలో కళకు నిజంగా అవసరమైనది ఎంత, కేవలం అలవాటుగా వసూలవుతున్నది ఎంత అన్న ప్రశ్నను బ్యాలే లోకం చాలాకాలం వేసుకోలేదు.

మునివేళ్లపై నిలవడానికి ధరించే పాదరక్షలో చెక్కగాని, లోహంగాని ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సంప్రదాయ పాదరక్ష కొసన ఉండేది బట్ట, కాగితం పొరలను జిగురుతో గట్టిపరచిన చిన్న గూడు మాత్రమే. ప్రధాన పాత్రధారిణి ఒక్క ప్రదర్శనలోనే ఒక జతను అరగదీయడం అరుదు కాదు. రెండు రూపాయి నాణేలు పట్టేంత ఆ కొసపైనే దేహభారమంతా నిలుస్తుంది. 'స్వాన్ లేక్' బ్యాలేలో నల్లహంస పాత్రధారిణి ఒంటికాలిపై వరుసగా 32 సార్లు గిర్రున తిరుగుతుంది. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పియెరీనా లెన్యానీ ఆ భ్రమణాలను చేసి చూపిన నాటి నుండి అవి ఆ పాత్రకు గీటురాయి అయి కూర్చున్నాయి. ప్రతి చుట్టులోను ఆ కాలి మడమ నేలకు దిగి, తిరిగి మునివేళ్లపైకి లేవాలి. ప్రేక్షకులు చుట్లు లెక్కపెడుతూ ఉంటారు. పిక్క, చీలమండ, బొటనవేలి కీలు తమ లెక్క తాము రాసుకుంటూ ఉంటాయి.

బ్యాలే కళాకారుల గాయాలలో అత్యధికం నడుము కింది భాగంలోనివి. వాటిలోను పాదానికి, చీలమండకు తగిలేవే ఎక్కువ. హఠాత్తుగా జరిగేవాటిలో చీలమండ బెణుకు మొదటిది. గెంతి దిగేటప్పుడు పాదం లోపలికి మడత పడితే, ఎముకలను కలిపి ఉంచే బయటివైపు బంధనాలు సాగిపోతాయి, ఒక్కొక్కప్పుడు తెగిపోతాయి. అదే కుదుపులో చిటికెనవేలి వైపున ఉండే పాదపు ఎముక మెలితిరిగి విరగడం ఎంత పరిపాటి అయిందంటే, వైద్యులు దానికి నర్తకుల పేరే పెట్టారు. అయితే క్షణంలో సంభవించే ప్రమాదాల కంటె నెలల తరబడి చాటుగా పెరిగే గాయాలే అధికం. మునివేళ్లపై నిలిచి నిలిచి పాదంలోని రెండవ పొడవాటి ఎముక మొదట్లో వెంట్రుకవాసి పగులు ఏర్పడుతుంది. బొటనవేలిని వంచే కండరపు తాడు చీలమండ వెనుక ఒరుసుకొని వాస్తుంది. పురుషులకు మరొక బాధ అదనం: సహనర్తకిని తలపైకి ఎత్తి నిలపడంలో నడుము, భుజాలు దెబ్బతింటాయి.

రెండు పాదాలను చెరొక వైపుకు తిప్పి దాదాపు ఒకే గీతపై నిలపడం బ్యాలేలో ఓనమాలు. ఆ తిరగడం తుంటి కీలు నుండి రావాలి. తుంటి ఎముక అమరిక చాలావరకు పుట్టుకతో వచ్చేది. అందరికీ అది అంతగా తిరగదు. తుంటి ఇవ్వని దానిని విద్యార్థి మోకాలి నుండి, చీలమండ నుండి బలవంతంగా రాబట్టుకుంటాడు. అద్దంలో పాదాలు అందంగానే కనిపిస్తాయి. మోకాలిచిప్ప ఒక దారిన, పాదం మరొక దారిన పోతున్న సంగతి గమనించవలసింది గురువు. ఆయన దృష్టి పాదాలపైనే ఉండిపోతే ఆ పొరపాటు ఏళ్ల తరబడి సాగి, ఎప్పుడో ఒకనాడు మోకాటి వాపుగా బయటపడుతుంది. అప్పుడు దానిని దురదృష్టమని అంటారు. బోధనలోని లోపమని అనడమే న్యాయం.

గాయాలను పెంచే మరొక కారణం రంగస్థలంపై అసలే కనిపించదు. అది ఆకలి. సన్నని దేహమే సుందరమన్న పట్టుదల వలన ఎదిగే వయసులోని బాలికలు చేసే శ్రమకు తగినంత తినరు. తగిన ఆహారం అందని దేహంలో ఋతుక్రమం తప్పుతుంది. దానితోపాటే ఎముకల గట్టిదనం తగ్గుతుంది. రజస్వల కావడం ఆలస్యమైన యువ నర్తకీమణులలో వెన్నెముక వంకర, ఎముకల విరుపులు ఎక్కువని 1986లోనే ఒక అమెరికా వైద్య అధ్యయనం వెల్లడించింది. అయినా పలుచటి బాలికలకే పాత్రలు దక్కే ఆచారం ఆ తరువాత కూడ కొనసాగింది. ఎముక బలానికి కావలసిన తిండి తినవద్దని పరోక్షంగా బోధించి, ఆ ఎముక విరిగితే ఆశ్చర్యపోవడం వింతగానే ఉంటుంది.

వీటన్నిటికంటె ప్రమాదకరమైనది మౌనం. నొప్పి అని చెబితే పాత్ర మరొకరికి పోతుంది. వృత్తిజీవితమే చిన్నది, అవకాశం మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. అందువల్ల బాధను దాచడం క్రమశిక్షణగా, చెప్పడం పిరికితనంగా చెలామణి అయింది. అమెరికన్ బ్యాలే థియేటర్ నర్తకి మిస్టీ కోప్లాండ్ 2012లో 'ఫైర్‌బర్డ్' ప్రధాన పాత్రను న్యూయార్క్ వేదికపై నర్తించినప్పుడు ఆమె ఎడమకాలి పెద్ద ఎముకలో ఆరు పగుళ్లు ఉన్నాయి. నల్లజాతి నర్తకికి అటువంటి పాత్ర దక్కడమే అపురూపమైన కాలంలో దానిని వదులుకోవడం ఆమెకు ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ తరువాత శస్త్రచికిత్సతో ఎముకకు లోహపు పలక అమర్చవలసి వచ్చింది. ఆమె కోలుకొని 2015లో ఆ సంస్థలో ప్రధాన నర్తకి స్థానం పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ అయింది. ఆ విజయాన్ని అందరూ చెప్పుకుంటారు. అటువంటి పగుళ్లతోనే నర్తించి తిరిగి రాలేకపోయినవారి పేర్లు చెప్పుకొనేవారు ఉండరు.

బాధ లేకుండా ఏ కళ సిద్ధిస్తుందని అడిగేవారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎంత జాగ్రత్త పడినా బ్యాలే దేహాన్ని అరగదీస్తుంది. పారిస్ ఒపేరా దానిని ఏనాడో అంగీకరించింది. 1698 నుండి అక్కడి కళాకారులకు పింఛను ఏర్పాటు ఉంది. నర్తకులు 42 ఏళ్లకే విరమించే ఆ హక్కుకు ముప్పు వచ్చిందని 2019 డిసెంబరులో వారు సమ్మె చేసి, ఒపేరా భవనం మెట్లపై చలిలో 'స్వాన్ లేక్' ఘట్టాలను నర్తించారు. అయితే సాధన వలన కలిగే అలసట వేరు, గాయం వలన కలిగే నొప్పి వేరు. ఈ రెండింటికీ భేదం తెలియడం కూడ నర్తకుని విద్యలో భాగమే.

డేవిడ్ హాల్‌బెర్గ్ ఆ భేదాన్ని కష్టపడి నేర్చుకున్నాడు. 2011లో మాస్కోలోని బోల్షోయ్ బ్యాలేలో ప్రధాన నర్తకుడైన తొలి అమెరికన్ ఆయన. 2014లో చీలమండ గాయం ఆయనను వేదికకు దూరం చేసింది. శస్త్రచికిత్సల తరువాత కూడ నడక కుదుటపడక, చివరకు మెల్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియన్ బ్యాలే వైద్యబృందాన్ని ఆశ్రయించాడు. ఏడాదికి పైగా వారి వద్ద ఉండి, కండరాలకు ఒక్కొక్కటిగా బలం చేకూర్చుకొని 2016 చివరలో తిరిగి వేదిక ఎక్కాడు. పిక్కలను సాగదీయడం కంటె వాటిని బలపరచడానికే ప్రాధాన్యమిచ్చే బృందం అది. గాయపడినవారిని పక్కకు నెట్టక సంస్థలో భాగంగానే చూడడం అక్కడి పద్ధతి. 2021లో హాల్‌బెర్గ్ ఆ సంస్థకే కళాదర్శకుడయ్యాడు.

నేల సంగతి కూడ చెప్పుకోవాలి. పెద్ద బ్యాలే సంస్థలు అడుగున కొంత ఒదుగు ఉండే చెక్క నేలపైనే సాధన చేస్తాయి. గెంతి దిగినప్పటి తాకిడిని ఆ నేల కొంత తాను తీసుకుంటుంది. తెలుగునాట కూచిపూడి నేర్చుకొనే పిల్లలు చాలాచోట్ల సిమెంటు గచ్చుపై వట్టి పాదాలతో అడుగులు వేస్తారు. వారి మడమల నొప్పి, మోకాళ్ల నొప్పి గురించి అడిగేవారు అంతకంటె తక్కువ.

వైద్యులు, ఫిజియోథెరపిస్టులు ఇప్పుడు ప్రసిద్ధ బ్యాలే సంస్థలలో నిత్యం అందుబాటులో ఉంటున్నారు. బ్రిటన్‌లో 2012లో నాట్య వైద్యానికి ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. కాని విద్య మొదలయ్యేది వీథి మలుపులోని చిన్న బడిలో. అక్కడ వైద్యుడు ఉండడు, గురువు మాత్రమే ఉంటారు. పాదాలు, నడుము ఇంకా బలపడలేదు కనుక మునివేళ్ల పాదరక్షలకు మరొక ఏడాది ఆగమని చెప్పే గురువులు ఉన్నారు. ఆ మాట నచ్చక, వెంటనే తొడిగించే మరొక బడికి పిల్లను మార్చే తల్లిదండ్రులూ ఉన్నారు.