ఉత్త చేతులతో తిరిగొచ్చినవాణ్ని అడగాలి

చలికాలంలో అమెరికాలో వేట యాత్రలు అమ్మే సంతలు జరుగుతాయి. వాటిలో పేరున్నది సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ ఏటా పెట్టే మహాసభ. ఈమధ్య దాన్ని నాష్‌విల్‌లో జరుపుతున్నారు. మన దగ్గర ప్లాట్లు అమ్మే వెంచర్ల మేళా చూసినవాళ్లకు అక్కడి వాతావరణం కొత్తగా అనిపించదు. స్టాలు వెనక నిలువెత్తు ఫొటో, అందులో బారెడు కొమ్ముల మూస్, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని నవ్వుతున్న ఆసామి. ముందు బల్ల మీద రంగురంగుల కరపత్రాలు, వాటి పక్కనే అడ్వాన్సు రసీదు పుస్తకం. సాయంత్రమయ్యేసరికి సంతకాలైపోతాయి. సెప్టెంబరులో చిన్న విమానం అలాస్కాలో ఓ పేరులేని చెరువు ఒడ్డున దింపి వెళ్లిపోయాక గానీ కట్టిన డబ్బుకు ఏం కొన్నాడో ఆ కస్టమరుకు తెలియదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నట్టు, అడ్వాన్సు కట్టకముందు ఫోన్ చేస్తే పలికినవాడు ఆ తర్వాత దొరకడు.

మూస్ అంటే దుప్పి జాతిలో అన్నిటికంటే పెద్దది. పేరు అక్కడి ఆల్గాంకియన్ భాషలది. మన మూసపోతకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. మన అడవుల్లో పెద్దదని చెప్పుకునే కణుజు బాగా బలిస్తే మూడు వందల కిలోలు తూగుతుంది. అలాస్కాలో ముదురు మూస్ పోతు అంతకు రెట్టింపు పైమాటే. కాళ్లు చూస్తే ఒంటె, మూతి చూస్తే గుర్రం, మెడ కింద వేలాడే తోలుసంచి, తల మీద రెండు చేటలు తిరగేసినట్టు కొమ్ములు. సెప్టెంబరు చివర్లో ఎద కాలం. అప్పుడు ఆడదాని అరుపును అనుకరిస్తూ గైడ్ భూర్జపత్రపు బూరలో కూత పెడతాడు. పోతు ఆ కూత విని పొదలు విరుచుకుంటూ వస్తుంది.

ఇంత పెద్ద జంతువును చంపడమెందుకని అడిగే తెలుగు పాఠకులుంటారు, అడగాలి కూడా. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికార్ కంపెనీల కాలం ముగిసింది; విదేశీయులను పులి వేటకు తీసుకెళ్లే వ్యాపారం అంతకుముందు ఇక్కడా నడిచింది. ఉత్తర అమెరికాలో మూస్ వేట చట్టబద్ధం. లెక్క కట్టి లైసెన్సులిస్తారు, చాలా ఇళ్లలో అది ఏడాదికి సరిపడా మాంసం. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ దీవిలోనైతే మూస్ అసలు స్థానిక జంతువే కాదు. 1904లో న్యూ బ్రన్స్‌విక్ నుంచి నాలుగింటిని తెచ్చి హౌలీ దగ్గర వదిలారు. వాటిని తినే తోడేళ్లు 1930 ప్రాంతంలో ఆ దీవిలో అంతరించాయి. ఇప్పుడక్కడ మూస్‌ల సంఖ్య లక్ష పైచిలుకు. రాత్రిపూట రోడ్డెక్కితే వాటిని గుద్దుకుంటామేమోనన్న భయం అక్కడ మామూలు. అలాంటి చోట వేట వద్దనడం కన్నా, వేట పేరుతో నడిచే వ్యాపారం ఎంత నిజాయితీగా ఉందో చూడటమే పనికొచ్చే చర్చ.

ఆ వ్యాపారం చేసేవాణ్నే అవుట్‌ఫిటర్ అంటారు. గుడారం, తిండి, పడవ, విమానం, గైడ్ అన్నీ అతనివే. అతను లేకుండా వెళ్లొచ్చా అన్నది చోటును బట్టి ఉంటుంది. న్యూఫౌండ్లాండ్‌లోనూ కెనడాలోనే ఉన్న బ్రిటిష్ కొలంబియాలోనూ బయటివాడు సొంతంగా వెళ్లడానికి లేదు. అలాస్కా లెక్క వేరు: గోధుమరంగు ఎలుగుకు, కొండగొర్రెకు, కొండమేకకు పరాయి రాష్ట్రపు అమెరికన్ కూడా గైడ్‌నో, అలాస్కాలో ఉండే దగ్గరి బంధువునో వెంట పెట్టుకోవాలి, మూస్‌కు మాత్రం అక్కర్లేదు. అమెరికాలో నివాసం లేని విదేశీయుడికి అన్నిటికీ తప్పనిసరి. హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది. తుపాకి దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం వారికి నిషేధించింది. ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఒకటి.

అలాస్కాలో మూస్ వేటకు అమెరికన్లకు గైడ్ తప్పనిసరి కాకపోవడంలోనే అసలు చిక్కంతా ఉంది. అక్కడ 'ట్రాన్స్‌పోర్టర్' అని వేరే లైసెన్సుంటుంది. అతని పని మనిషినీ సామాన్నీ మాంసాన్నీ మోయడం, అంతే. మూస్‌ను వెతికిపెట్టడం, కూత పెట్టడం, పక్కన నిలబడి 'ఇప్పుడు కాల్చు' అనడం గైడ్ పనులు. ట్రాన్స్‌పోర్టర్ చేస్తే నేరం. మాటల్లో మాత్రం ఈ గీత చెరిగిపోతుంది. 'అన్నీ మేం చూసుకుంటాం' అన్న మాటను కస్టమరు గైడ్ ఉంటాడని అర్థం చేసుకుంటాడు, చెప్పినవాడు విమానం ఉంటుందని చెప్పానంటాడు. చూస్తే ఇద్దరిదీ నిజమే. లైసెన్సులిచ్చేది బిగ్ గేమ్ కమర్షియల్ సర్వీసెస్ బోర్డు. ఎవరికి ఏ లైసెన్సుందో పేరు కొట్టి చూసుకునే వీలుంది. గైడ్‌తో మూస్ వేటంటే అలాస్కాలో 20 వేల డాలర్లు దాటే ఖర్చు, అంటే మన లెక్కలో పదిహేడు లక్షలకు పైనే. అంత కట్టేవాళ్లు ఆ పేరు కొట్టి చూసుకోరంటే నమ్మబుద్ధి కాదు గానీ, మనం లింకు డాక్యుమెంట్లు చూడకుండా ప్లాటు కొనడం లేదూ!

అలాస్కా చట్టం అడిగేవి ఇంకా ఉన్నాయి. రిజిస్టర్డ్ గైడ్ తన కస్టమరుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. వేట జరుగుతున్న రోజుల్లో కనీసం ఒక్కసారైనా అతని దగ్గరికి స్వయంగా వెళ్లాలి. ఆ 'ఒక్కసారి' దగ్గర ఆగి ఆలోచించాలి. పేరున్న పెద్దాయన ఒక పూట వచ్చి, టీ తాగి, మళ్లీ విమానమెక్కితే ఆ నియమం వరకు ఆయన పాటించినట్టే. పది రోజుల వేటలో మిగతా తొమ్మిది రోజులు అడవిలో తోడుండేది మొన్ననే లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడు కావచ్చు. కాబట్టి అడగాల్సింది కంపెనీ వయసు కాదు, పక్కన నడవబోయే మనిషి పేరు. ఆ ప్రాంతంలో అతనికి ఎన్ని సీజన్ల అనుభవముందో ఒప్పందంలో రాయించుకోవాలి. ఒక గైడ్‌కు ఒకరా ఇద్దరా అన్నదీ అక్కడే తేలాలి. న్యూఫౌండ్లాండ్‌లో ఒక గైడ్ ఇద్దరు వేటగాళ్లను తీసుకెళ్లొచ్చు. మొదటి మూస్ కనిపించినప్పుడు తుపాకి ఎత్తేది ఎవరన్న తగువు స్నేహితుల్ని విడదీస్తుంది.

కుర్రగైడ్ వల్ల వచ్చే ముప్పు అంగుళాల్లో ఉంటుంది. అలాస్కాలో చాలాచోట్ల బయటివాళ్లు కాల్చాల్సిన పోతుకు కొమ్ముల వెడల్పు 50 అంగుళాలైనా ఉండాలి, లేదంటే నుదుటి వైపు కొమ్మలు ఒక పక్కనైనా మూడో నాలుగో ఉండాలి. ఆ సంఖ్య ప్రాంతాన్ని బట్టి మారుతుంది. టేపు పెట్టి కొలిచేది చచ్చాకే. బతికుండగా రెండు వందల గజాల దూరంలో, సందె వెలుగులో, ముఖానికీ చెవులకీ పోల్చి అంచనా వేయాలి. 49 వచ్చి, నుదుటి కొమ్మలూ చాలకపోతే అది నేరం, కేసు మీట నొక్కినవాడి మీద. 'నేను కాల్చమన్నాను, తప్పు నాది' అనే గైడ్ ఉండొచ్చు, లేకపోవచ్చు. అనుమానమున్న పోతును వదిలేసిన సందర్భాలు చెప్పమని అవుట్‌ఫిటర్‌ను అడిగితే, మంచివాడికి కథలు బోలెడుంటాయి. వదిలేసినవేమీ గుర్తుకు రానివాడి దగ్గర్నుంచి లేచి రావడం మంచిది.

మాంసం సంగతి ఫొటోలో ఉండదు. పెద్ద పోతు కూలితే ఎముకలు తీశాక సుమారు 225 కిలోల మాంసం తేలుతుంది. దాన్ని నడుంలోతు బురదలో, మోకాలెత్తు నాచుమెత్తల మీదుగా వీపున మోసుకుని ఏటి ఒడ్డుకో విమానం దిగే చోటికో చేర్చాలి. మనిషికి విడతకు ముప్పై అయిదు కిలోలు వేసుకున్నా ఆరేడు విడతలు. వెళ్లి రావడం కలిపితే ప్రతి విడతా రెండింతల నడక. పైగా రక్తం వాసనకు ఎలుగు వస్తుంది. అలాస్కా చట్టం ఇక్కడ చాలా కఠినం: తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేస్తే కనీసం 7 రోజుల జైలు, 2,500 డాలర్ల జరిమానా. మాంసం కన్నా ముందు కొమ్ముల్ని అడవి దాటించడమూ కుదరదు. మంచి గైడ్లు నీటికి మైలు దూరం దాటిన పోతు ఎంత పెద్దదైనా పొమ్మంటారు. సంతలో స్టాలు దగ్గర నిలబడి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే కావాలి: 'మీరు మాంసం ఎలా బయటికి తెస్తారు?' మోతకు ఎంతమంది, ఎన్ని విమానాలు, గుడ్డసంచులు ఎవరివి, వాన పడితే ఎక్కడ వేలాడదీస్తారు అని గడగడా చెప్పేవాడు ఆ పని చేసినవాడు. మళ్లీ కొమ్ముల కొలతల్లోకి మాట మళ్లించేవాడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక శాతాల గారడీ. 'నూటికి తొంభై అయిదు సఫలం' అని కరపత్రం మీద ఉంటుంది. సఫలమంటే మూస్ పడిందనా, కాల్చే అవకాశం వచ్చిందనా? గురి తప్పినవాణ్ని ఏ ఖాతాలో వేశారు? గాయపడి తప్పించుకున్న పోతు సంగతేంటి? ఒక్క చుక్క రక్తం కనిపించినా వేట ముగిసినట్టే అన్నది చాలా అవుట్‌ఫిటర్ల నియమం. అది న్యాయమైనదే, ఎందుకంటే గాయపడ్డ జంతువు చచ్చిందనే అనుకోవాలి. కానీ ఆ సంగతి ముందే చెప్పాలి. వాతావరణం బాగాలేక విమానం మూడు రోజులు ఎగరకపోతే ఆ రోజులు ఎవరి ఖాతాలోకి? అలాస్కాలో విమానంలో దిగిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 గంటలదాకా ఆగాలి. పది రోజుల వేటలో ఒక రోజు అలా పోయిందని విమానం దిగాక తెలిసినవాడి ముఖం చూడాలి.

అవుట్‌ఫిటర్లు రెఫరెన్సులిస్తారు. ఇచ్చేది నవ్వుతున్న ఫొటోల్లోని వాళ్ల నంబర్లే. పెళ్లిచూపుల్లో అబ్బాయి గురించి అబ్బాయి మేనమామనే అడిగినట్టుంటుంది. ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఇద్దరి నంబర్లిమ్మనాలి. మూస్ దొరకనివాడు కూడా 'మళ్లీ వాళ్లతోనే వెళ్తాను' అన్నాడంటే, గైడ్ చీకటితో లేచాడనీ, గుడారం కారలేదనీ, వంట బాగుందనీ, అబద్ధం చెప్పలేదనీ వేరే అడగనక్కర్లేదు.

అయితే అంతా కస్టమరు తెలివి మీదే వదిలేయడం అన్యాయం. అవుట్‌ఫిటర్ నమ్మకస్తుడు కావడానికి అతని గుణంతో పాటు అతని కాళ్ల కింది నేలకూ సంబంధముంది. బ్రిటిష్ కొలంబియాలో గైడ్‌కు ఒక ప్రాంతం రాసిస్తారు. అక్కడ ఇంకొకరు గైడ్‌గా వ్యాపారం చేయకూడదు. ఈ ఏడాదే పోతులన్నీ చంపేస్తే వచ్చే ఏడాది తనే పస్తులుండాలి. అలాస్కాలోనూ ఒకప్పుడు అలాంటి ఏర్పాటే ఉండేది. 1988లో ఓసిచెక్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వన్యప్రాణులు ప్రజలందరి ఉమ్మడి సొత్తని రాజ్యాంగంలో ఉండగా కొందరికే ప్రాంతాలు పంచడమేమిటంది. వాదన సబబే. ఫలితం మాత్రం, రాష్ట్ర భూముల్లో ఒకే లోయలో నలుగురు గైడ్లు పోటీపడటం. ఫెడరల్ అభయారణ్యాల్లో అనుమతులు పోటీ మీద, పరిమితంగా ఇస్తారు. అందుకే అలాస్కాలో అభయారణ్యం పర్మిట్ ఉన్న గైడ్‌కు ఒక మార్కు ఎక్కువేయడం తప్పు కాదు. కోర్టు తీర్పు గౌరవనీయమే అయినా, తనదన్న నేల లేని వ్యాపారికి రేపటి చింత తక్కువ.

గైడ్‌ను తూచడానికి ఇంకో ప్రశ్న మెయిన్ రాష్ట్రంలో దొరుకుతుంది. అక్కడ గైడ్లకు లైసెన్సులు 1897 నుంచి ఉన్నాయి. మొదటి లైసెన్సు అందుకున్నది కొర్నీలియా క్రాస్బీ అనే మహిళ. అక్కడ మూస్ పర్మిట్లు లాటరీలో వస్తాయి. శరదృతువు వెచ్చగా సాగి మంచు ఆలస్యమైతే వేలకొద్దీ పిడుదులు పట్టి మూస్ పిల్లలు చస్తున్నాయి. అక్కడి గైడ్‌ను ఆ పిడుదుల గురించి కదిలిస్తే చాలు, జంతువును చూస్తున్నాడో కొమ్ముల్నే చూస్తున్నాడో ఇట్టే తెలుస్తుంది.

ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఖర్చు కూడా తక్కువే. అలాస్కాలో ప్రతి గైడ్ ప్రతి వేటకూ లెక్క రాసి అధికారులకు పంపాలి. ఎవరు వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు, ఏం పడింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ రికార్డులు రహస్యమని చట్టమే చెబుతోంది. గైడ్‌కు తన చెరువు పేరు దాచుకోవాలని ఉంటుంది, కస్టమరు పేరు బయటపెట్టడం మర్యాద కాదు, ఒప్పుకోవాల్సిందే. కస్టమర్ల పేర్లు, చెరువులు కొట్టేసి, ఫలానా గైడ్ దగ్గరికి ఈ ఏడాది ఇంతమంది వచ్చారు, ఇంతమంది ఖాళీగా వెళ్లారు అన్న రెండు అంకెలు బయటపెట్టడానికి అడ్డేముంది? ఆ రెండు అంకెలూ లేనంతకాలం సంతలో స్టాలు వెనక ఫొటోదే రాజ్యం. వచ్చే చలికాలం కూడా దాని ముందు రసీదు పుస్తకం తెరిచే ఉంటుంది.